మొదటి బండి

క్యూరీ, కింగ్ ఐలండ్
మార్చి, గాలి ఆగని ఆదివారం

మా నెరెల్‌కి,

ఏమే, బతికే ఉన్నావా? వారం వారం ఫోన్ చేస్తున్నాను, అది మోగి మోగి ఆగిపోతోంది. ఎత్తవేం? లాన్సెస్టన్‌లో ఉన్నవాళ్ళకి దీవిలో ఉన్న అక్క కనిపించదని మీ బావ ఎగతాళి. "ఉత్తరం రాయవే, అది చదువుకోడానికి దీవి దాటి వెళ్ళినప్పుడు మీరిద్దరూ రాసుకున్నట్టు. అప్పుడైతే వారానికి రెండు రాసేది" అన్నాడు. ఆ మాటకే కాగితం తీశాను.

మొన్న రాత్రి పడమటి గాలి విరుచుకుపడింది. పొద్దున ఒడ్డుకి వెళ్తే నడుం లోతున నాచు. సముద్రం కక్కేసిందన్నమాట. తోలు పటకాల్లాంటి పెద్ద నాచు, ఒక్కోటి లారీ అంత పొడుగు. ఎండబెట్టి అమ్మడానికి నేనూ మీ బావా తాడు కట్టి లాగాం. ఇప్పుడు ఆయనకి నడుం పట్టేసింది, నాకు చేతులు పట్టేశాయి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి. ఎండబెట్టే కొయ్యల మీద నాచు వేలాడుతుంటే ఆ వాసనకి నాన్న వెనకాలే నిలబడినట్టే ఉంటుంది నాకు. కాస్త ఉప్పు, కాస్త కుళ్ళు, కాస్త లారీ డీజిలు.

నీకు జామ్ సీసా నిండా నాచు పొడి పంపుతున్నాను. పోయిన నెల పంపింది అయిపోయే ఉంటుంది. ఎప్పటిలాగే సూప్‌లో చెంచాడు. ఒంట్లో ఎలా ఉందో రాయి. ఫోన్ కూడా ఎత్తు.

మీ అక్క
గ్లెనిస్


లాన్సెస్టన్
ఏప్రిల్, పొగమంచు

అక్కా,

ఉత్తరం చూసి ఎంత సంబరపడ్డానో! నీ రాత ఇంకా అలాగే ఉంది, కోడి కాళ్ళతో తొక్కినట్టు. ఫోన్ సంగతి వదిలెయ్. దాంట్లో నువ్వే మాట్లాడతావు, నేను ఊఁ కొట్టాలి. ఉత్తరమైతే నా మాట కూడా వింటావు. ఇలాగే రాసుకుందామే.

ఒంట్లో ఎలా ఉందంటే, ఏమని చెప్పను? చలి. అందరూ చొక్కా మీద తిరుగుతుంటే నేను రెండు స్వెట్టర్లేసుకుని పొయ్యి ముందు కూర్చుంటున్నాను. పొద్దున లేవడమంటే నాచు కుప్పలోంచి బయటికి వచ్చినట్టుంది. దువ్వెన నిండా జుట్టు. తినేది పిట్టంత, పెరిగేది ఏనుగంత. క్లబ్బులో హౌసీ, అదే తంబోలా ఆటలో, మైకులో అంకెలు చదువుతూ ఎనభై ఎనిమిది వస్తే "ఇద్దరు లావు ఆడాళ్ళు" అని అరుస్తాను కదా. ఇప్పుడందులో ఒకదాన్ని నేనే!

ఇక తప్పక డాక్టరమ్మ ఫరూజియా దగ్గరికి వెళ్ళాను. రక్తం తీసి, గొంతు తడిమి, థైరాయిడ్ మందగించిందని చెప్పింది. గొంతు దగ్గర సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంటుందట, ఒంటికి అదే పొయ్యి. నా పొయ్యి ఆరిపోతోందట. "రోజూ ఒక చిన్న మాత్ర, బహుశా జీవితాంతం" అంది. జీవితాంతం అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండింది.

"అయోడిన్ తక్కువైతేనే కదండీ ఇది వచ్చేది?" అన్నాను. "ఒక్కోసారి" అంది. ఆ ఒక్కోసారి చాలు నాకు. మా అక్క పంపే నాచులో ఉన్నంత అయోడిన్ ఏ మందుల షాపులో దొరుకుతుంది? డాక్టరమ్మకి ఏమీ చెప్పకుండా బయటికి వచ్చేశాను. మాత్రల చీటీ చేతిసంచిలోనే ఉంది. చెంచాడు కాదు, ఇక రెండు చెంచాలు వేసుకుంటాను. ఇంకో సీసా పంపు.

నెరెల్


క్యూరీ
మే

నెరెల్,

రెండు సీసాలు పంపుతున్నాను. ఈసారి లేత ఆకుల్నే ఏరి, నేనే దంచాను.

నీ ఉత్తరం చదువుతుంటే ఎడ్నా అత్త గుర్తొచ్చింది. నీకు గుర్తుందా? ఇప్పుడు నువ్వుండే పెద్ద దీవి నించి వచ్చి పడవ దిగితే ముందు ఆవిడ మెడ దిగేది, తర్వాత ఆవిడ. మెడకి ఎప్పుడూ ఆకుపచ్చ రుమాలు. నువ్వు చిన్నదానివి, ఒకసారి ఆ రుమాలు లాగి "అత్తా, ఏం మింగావు?" అనడిగావు. అమ్మ నీ వీపు పగలగొట్టింది. అత్త మాత్రం నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు నాన్న అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "మన దీవిలో ఒక్కరి మెడ అలా వాచిందేమో చూపించండి. తింటున్నది సముద్రాన్ని మరి!" ఆ రోజు నించే కదా మన ఇంట్లో సూప్‌లో నాచు. డాక్టర్లు ఇవాళ వచ్చారు, నాన్న ఆ రోజే చెప్పాడు.

ఒక సంగతి. మీ బావ గుర్రప్పందేల దగ్గర మీ క్లబ్బు మనిషిని ఒకాయన్ని కలిశాడట. "నెరెల్ ఎలా ఉంది? అంకెలు ఇప్పుడు ఇంకెవరో చదువుతున్నారు, మాకేం బాగాలేదు" అన్నాడట. ఏమిటే ఇది? ఇన్నేళ్ళుగా గురువారం అంటే నువ్వూ, నీ మైకూ కదా. నాకెందుకు చెప్పలేదు?

గ్లెనిస్


లాన్సెస్టన్
జూన్

అక్కా,

బావకి చెప్పు, పందేలకి వెళ్ళినవాడు గుర్రాల్ని చూసి రావాలి గానీ ఊళ్ళో కబుర్లు మోసుకు రాకూడదని.

సరే, చెబుతాను. గొంతు పోయింది. పోవడమంటే పూర్తిగా పోలేదు, ముద్దయిపోయింది. నోట్లో కంబళి కుక్కుకున్నట్టు బొంగురుగా, నెమ్మదిగా వస్తోంది. ఒక గురువారం నేను "అరవై ఆరు" అంటే ఎవరికీ అర్థం కాలేదు. వెనక బల్ల నించి ఒక ముసలాయన "ఈవిడ తాగొచ్చిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తకపోవడం అందుకే. ఈ గొంతు వింటే నువ్వు మర్నాడే విమానం ఎక్కుతావని తెలుసు.

ఇంకో మాట ఉంది, అది ఎలా రాయాలో తెలీక రెండు కాగితాలు చించాను. గొంతు ఇలా అయ్యాక మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. రక్తం ముందుకంటే చెడింది. ఆవిడ తల పట్టుకుని, "మీరు ఏమేం తింటారో ఒక్కటీ వదలకుండా చెప్పండి" అంది. చెప్పాను. నాచు అనగానే కలం కింద పెట్టేసింది.

నాది అయోడిన్ తక్కువై వచ్చిన జబ్బు కాదట. నా ఒళ్ళే నా గ్రంథిని శత్రువనుకుని కొరుక్కుతింటోందట. అలాంటి గ్రంథికి అయోడిన్ కుప్పపోస్తే ఇంకా మొరాయిస్తుందట. "ఆ పొడి ఇవాళే ఆపెయ్యండి, మాత్ర రేపే మొదలుపెట్టండి. ఇలాగే వదిలేస్తే గుండె దాకా పోతుంది" అంది. కోప్పడలేదు. కోప్పడితేనే బాగుండేది.

మాత్ర తెచ్చుకున్నాను. ఫ్రిజ్‌లో వెన్న పక్కన పెట్టుకోవాలట. కానీ సీసాలు పారబొయ్యలేకపోతున్నాను, గ్లెనిస్. మూత తీస్తే నాన్న. నా చేత్తో నాన్నని ఎలా పారబొయ్యను? నువ్వేమీ అనుకోకు. నీ మీద నాకు ఏమీ లేదు.

నెరెల్


క్యూరీ
జూన్, అదే వారం

నెరెల్,

నీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. నీ మీద కాదు, ఆ డాక్టరమ్మ మీద. ఉత్తరం పట్టుకుని, ఒడ్డున వేసుకునే రబ్బరు గమ్ బూట్లతోనే మన క్లినిక్‌కి పోయి నర్సు డెలీస్ బల్ల మీద కొట్టాను. "చూడు, పట్నం వాళ్ళు మన నాచుని విషమంటున్నారు!" అని.

డెలీస్ చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి, "గ్లెనిస్, వర్షం లేక ఎండిన చేనుకి నీళ్ళు పెడితే బతుకుతుంది. పురుగు పట్టిన చేనుకి ఎన్ని నీళ్ళు పెడితే ఏం లాభం?" అంది. "ఎడ్నా అత్తది ఎండిన చేను. నీ చెల్లెలిది పురుగు పట్టిన చేను. మీ నాన్న చెప్పింది అబద్ధం కాదు, అది నెరెల్ జబ్బు గురించి కాదు, అంతే."

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా పొయ్యి ముందు కూలబడ్డాను. మీ బావ భయపడి తనే వంట చేశాడు. అది తినడం ఇంకో శిక్ష.

నేను ప్రేమగా ఏరి, దంచి, మూత బిగించి పంపింది నీ గొంతు నొక్కిందే. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. తెలీక చేశానని తెలుసు. అయినా దిగడం లేదు.

నాన్న ఆ సీసాలో లేడే పిచ్చిదానా. ఉంటే నిన్ను మాత్ర వేసుకోమని ముందు ఆయనే తరిమేవాడు. వెళ్ళి ఆ పొడి నీ బంగాళదుంపల మళ్ళో చల్లు. వాటికి థైరాయిడ్ లేదు. నేలకి ఎరువే కదా, నాన్న కూడా తోటకి వేసేవాడు.

మాత్ర మానకు. నాకోసం మానకు.

గ్లెనిస్


లాన్సెస్టన్
ఆగస్టు

అక్కా,

దుంపల మళ్ళో చల్లాను. చల్లుతుంటే వాన మొదలైంది, వాసన లేచింది. తడుస్తూ అక్కడే నిలబడ్డాను. పక్కింటావిడ గోడ మీంచి చూసి "ఒంట్లో బాగానే ఉందా?" అంది.

బాగాలేదు, అక్కా. అదే చెబుదామని రాస్తున్నాను. ఒక్క పూట తప్పకుండా మాత్ర వేసుకున్నాను. మళ్ళీ రక్తం చూస్తే కాస్తంత కదలిక, అంతే. గొంతు అలాగే ఉంది. మొన్న కూరల కొట్టుకి ఫోన్ చేసి బేరం ఆడుతుంటే అవతలివాడు నన్ను "సార్" అన్నాడు. డాక్టరమ్మ మోతాదు పెంచుదామంటోంది. క్లబ్బులో షర్లీ అనే ఆవిడ వేరే సలహా ఇచ్చింది. పంది గ్రంథి ఎండబెట్టిన పొడి మాత్రలుగా దొరుకుతుందట, ఆవిడ తోడికోడలు వాటితోనే లేచి తిరుగుతోందట. డాక్టరమ్మని అడిగితే, "అది కొందరికి ఇస్తాం, కానీ బలం ఒకేలా ఉండదు, ముందు దీన్ని సరిగ్గా చూద్దాం" అంది.

చూసి చూసి విసుగొచ్చింది. నాచు వద్దు, మాత్ర పనిచెయ్యదు, పంది వద్దు. నాకెందుకో అన్నీ మానేసి ఒక మూల కూర్చోవాలనిపిస్తోంది. యాభై దాటాయి, గొంతు లేకపోతే ఏం? నన్ను వినేవాళ్ళు ఎవరున్నారు?

నా తప్పేమీ లేదే. ఆవిడ చెప్పినట్టే ఖాళీ కడుపుతోనే వేసుకుంటున్నాను. కళ్ళు తెరవగానే మంచం పక్కన నా పెద్ద కప్పు పాల టీ, దాంతోపాటు మాత్ర గుటుక్కుమనిపిస్తాను. టోస్ట్ ముక్క కూడా ముట్టను. ఇంతకంటే ఏం చెయ్యను?

నెరెల్


క్యూరీ
ఆగస్టు, ఉత్తరం అందిన పూటే

ఓసి నా మొద్దు చెల్లీ!

టీతోనా! పాల టీతోనా!

డెలీస్‌కి నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే ఆ ముక్క దగ్గర ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "టీతో వేసుకుంటోందా? పాలు ఆ మందుని ఒంట్లోకి పోనివ్వవు, టీ కూడా అంతే! సగం మాత్ర టీ కప్పులోనే ఉండిపోతోంది!" అని కేకేసింది. మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే ఇంకాసేపు, టీ ముట్టకూడదట. ఖాళీ కడుపంటే అర్థం అదట. ఈ తప్పు మన ఇంట్లో పుట్టినవాళ్ళే చేస్తారే. మనకి టీ తిండి కాదు, గాలి. గాలి పీల్చకుండా మాత్ర వేసుకోమంటే ఎవరికి అర్థమవుతుంది?

మోతాదు పెంచకముందే డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తి ఈ టీ సంగతి చెప్పు. పంది సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చు.

ఇక నీ ఏడుపు నాకు తెలుసు. "టీ లేకుండా నేను లేవలేను." వింటున్నాను. అయితే ఇది విను.

చలికాలం ఒడ్డు గుర్తుందా? అమ్మ ఫ్లాస్క్ నిండా టీ పోసి నీ చేతికి ఇచ్చేది, నువ్వు దాన్ని కోటు లోపల పెట్టుకుని వెచ్చగా పట్టుకునేదానివి. నాచుతో తడిసిన తాడు చేతుల్ని కోసేది. నేను లారీ మీద, నాన్న కింద. నువ్వు ఇంకా చిన్నదానివి కాబట్టి ఇసకలో గెంతుతూ, "నాన్నా, ఒక్క గుక్క! ఒకే ఒక్క గుక్క!" అని సతాయించేదానివి. నాన్న నీ వైపు చూడకుండానే అనేవాడు:

"మొదటి బండి ఎక్కిందా?"

"ఎక్కలేదు."

"అయితే టీ ఎక్కడిది?"

లారీ నిండా నాచు ఎక్కితేనే ఆయనకి ఒక బండి. ముందు టీ తాగితే కాళ్ళు కూర్చుండిపోతాయి, ఇక నాచు ఎవడూ ముట్టడని ఆయన లెక్క. లారీ నిండాక ఆయన కింద నించి "ఎక్కిందా?" అని అరిస్తే, పైనించి నేను "ఎక్కింది!" అని అరిచేదాన్ని. అప్పుడు నువ్వు ఫ్లాస్క్ మూత తిప్పేదానివి. ఆ చప్పుడుకి మనం ముగ్గురం నవ్వేవాళ్ళం. అంత రుచైన టీ నేను మళ్ళీ తాగలేదు, నెరెల్. ఆ చలీ, ఆ ఆకలీ ఉంటేనే ఆ రుచి.

ఇప్పుడు చెప్పు. ఆ మాత్రే నీ మొదటి బండి. నీళ్ళతో మింగు, లేచి కర్టెన్లు తియ్యి, పొయ్యి రాజెయ్యి, దుంపల మడి చూసిరా. బండి ఎక్కనీ. ఆ తర్వాతే ఫ్లాస్క్ మూత. అన్నీ మానేసి మూల కూర్చుంటానన్న మాట మళ్ళీ రాశావంటే దీవి మొత్తాన్ని వెంటేసుకొచ్చి నీ వీధిలో కూర్చుంటాను.

నిన్ను వినేవాళ్ళు ఎవరున్నారని రాశావే, సిగ్గుండాలి. నీ గొంతు వినక నా చెవులు మూసుకుపోయాయి ఇక్కడ.

గ్లెనిస్


లాన్సెస్టన్
నవంబర్, మొక్కలు పూసిన రోజులు

అక్కా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టు. తిట్టడానికి నీకు పెద్ద కారణమేమీ అక్కర్లేదు గానీ.

డాక్టరమ్మకి టీ సంగతి చెప్పాను. ఆవిడ తలపట్టుకుని, "మంచినీళ్ళతో అని నేను చెప్పనే లేదు కాబోలు" అంది. చెప్పింది, నేనే వినలేదు. మోతాదు పెంచలేదు, మళ్ళీ చూద్దామంది.

మొదటి వారం నరకం. మాత్ర మింగి వంటింట్లో నిలబడితే కెటిల్ నన్ను చూసి నవ్వుతున్నట్టుండేది. గడియారం వైపు చూడకూడదని పెరట్లోకి పోయి చెప్పులు లేకుండా గడ్డిలో నడిచేదాన్ని. చలికి గజగజలాడేదాన్ని. తర్వాత ఒక పొద్దున ఆ గడ్డిలో నిలబడి ఉంటే, ఎదురుగా నాన్న లారీ, ఆ తాడూ, నీ ఎర్రని చేతులూ కనిపించాయి. ఆ ఎదురుచూపు ఇప్పుడు నాకు ఇష్టమైపోయిందక్కా. రోజంతట్లో నేను చిన్నదాన్నయ్యేది ఆ కాసేపే.

రక్తం బాగుపడింది. స్వెట్టర్లు ఒకటొకటీ దిగాయి. దువ్వెనలో జుట్టు తగ్గింది. లావు అంత త్వరగా పోదట, దాన్ని మన వంశం ఆస్తి అనుకోవాలి. దుంపలు మాత్రం ఎలా ఉన్నాయనుకున్నావు! మట్టి తవ్వితే ఒక్కోటి పిడికిలంత. మొదటి కాపు ఉడికించి వెన్న వేసుకుని తింటూ నాన్నకి థాంక్స్ చెప్పాను.

పోయిన గురువారం క్లబ్బులో అంకెలు చదివేవాడికి జలుబు. ఎవరో నా వైపు చూశారు. మైకు పుచ్చుకున్నాను. మొదటి అంకె పదకొండు. చదివాను. వెనక బల్ల ముసలాయన, ఆ రోజు నన్ను తాగొచ్చిందా అన్నవాడే, తల ఎత్తి "వచ్చిందిరా మన నెరెల్!" అన్నాడు. ఇక ఆగలేదు నేను.

వచ్చే ఆదివారం ఫోన్ చేస్తాను. నువ్వే ఎత్తు, బావని ఎత్తనివ్వకు.

నెరెల్


క్యూరీ
ఆదివారం సాయంత్రం

నెరెల్,

ఇందాక ఫోన్ ఎందుకు పెట్టేశానని నువ్వు అడుగుతావు కాబట్టి రాస్తున్నాను. నేను పెట్టెయ్యలేదు. ఫోన్ చేతిలోనే ఉంది.

నువ్వు హలో అనలేదు, ఎలా ఉన్నావనలేదు. నిండు గొంతుతో, ఆ ఒడ్డంతా వినబడేట్టు, "ఎక్కిందా?" అన్నావు. అది నీ గొంతే, కానీ అడిగిన తీరు నాన్నది. నేను వంటింట్లో గమ్ బూట్లతో నిలబడి అలా ఏడుస్తూనే ఉన్నాను. మీ బావ ఎవరో పోయారనుకుని టోపీ తీసేశాడు.

నువ్వు అడిగినదానికి జవాబు చెప్పలేదు కదా. ఇప్పుడు చెబుతున్నాను.

ఎక్కింది. టీ తాగు.

గ్లెనిస్